కోరంగి ప్రవాసచరిత్ర – బహుమాధ్యమకళ: అభిలేఖల మౌనం, ఊహాకల్పన, ‘కాబోలు’

వ్యాససంగ్రహం:

గోదావరి డెల్టా రేవుల నుంచి మారిషస్, రియూనియన్, బర్మా తదితర దేశాలకు సాగిన తెలుగువారి వలసచరిత్రకు లభించే ఆధారాలు అసమానమైనవి. ఒప్పందకూలీల విషయంలో శరీరచిహ్నాల వరకు నమోదైంది గాని మాట నమోదు కాలేదు. బర్మా వలసలో చాలామంది పేర్లు కూడా నమోదు కాలేదు. ఇలాంటి ఖాళీలను పూరించడానికి ప్రపంచంలోని ప్రవాస కళాకారులు చలనచిత్రం, ధ్వని, డిజిటల్ చిత్రం, ఊహాకల్పనలను కలిపి వాడుతున్నారు. ఈ పద్ధతిని పరిచయం చేసి, ప్రఖ్యాత–ఉత్పాద్య–మిశ్ర వస్తువిభాగం, తోలుబొమ్మలాట సంప్రదాయం, తెలుగు వాక్యంలోని ‘అట’, ‘కాబోలు’ ప్రయోగాల ఆధారంగా, కోరంగి చరిత్రకు ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు పాటించదగిన ప్రమాణాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోరంగి, ప్రవాసం, ఒప్పందకూలీ, రంగం, అభిలేఖలు, ఊహాకల్పన, బహుమాధ్యమకళ, మిశ్రవస్తువు, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:

ప్రవాసచరిత్ర రచనలో పరిశోధకునికి ఎదురయ్యే మొదటి చిక్కు ఆధారాల కొరత కాదు, ఆధారాల స్వభావం. వలసవెళ్ళిన కూలీని గురించి వ్రాసినవారు అతనిని పనికి తీసుకున్నవారు, ఓడ ఎక్కించినవారు, లెక్కించినవారు. అతడు తన గురించి చెప్పుకున్నది వారి పత్రాలలో దాదాపు లేదు. చరిత్రకారుడు ఈ హద్దు దగ్గర ఆగిపోవడం న్యాయమే. కాని ఆ కుటుంబాలలో పుట్టిన కళాకారులు అక్కడ ఆగలేరు. గత మూడు దశాబ్దాలుగా ఆఫ్రికన్, ఆసియన్ ప్రవాస కళారంగంలో ఒక ధోరణి బలపడింది. పాత పత్రాలు, ఛాయాచిత్రాలు, ధ్వనులు, కంప్యూటర్ ద్వారా సృష్టించిన దృశ్యాలు కలిపి, జరిగినదానితోపాటు జరిగి ఉండగలిగినదాన్ని, జరగబోయేదాన్ని కూడా చూపించడం దాని లక్షణం. ఈ పద్ధతి గోదావరి డెల్టాకు ఎందుకు అవసరమో, ఎక్కడ ప్రమాదకరమో పరిశీలించవలసి ఉంది.

2. కోరంగి – రేవు, పేరు, ప్రవాసం:

గౌతమీ శాఖ సముద్రంలో కలిసేచోట, యానానికి సమీపంలో ఉన్న కోరంగి ఒకప్పుడు తూర్పుతీరంలో పేరుపొందిన రేవు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు ప్రసిద్ధి. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన తుపానుల ఉప్పెనలు ఈ ప్రాంతాన్ని ముంచెత్తాయి. నది తెచ్చే మేటతో రేవు పూడిపోతూ వచ్చింది. వర్తకం కాకినాడకు మళ్ళింది. నేడు కోరంగి అనగానే గుర్తుకు వచ్చేది మడ అడవులు, అభయారణ్యం. రేవు ఉండిన చోట రేవు ఆనవాళ్ళు అల్పం.

అయితే రేవు పోయినా దాని పేరు సముద్రం దాటి నిలిచింది. బర్మాలోను, మారిషస్‌లోను 19వ శతాబ్దిలో తెలుగువారిని ‘కోరంగీలు’ అన్నారు. ఏ ఊరివాడైనా, ఏ కులంవాడైనా, ఓడ ఎక్కిన రేవే అతని జాతినామమైంది. స్వస్థలంలో కనుమరుగైన ఒక రేవు పరదేశంలో ఒక ప్రజాసమూహానికి పేరుగా మిగలడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

వలస ఒకే రకమైనది కాదు. ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం నుంచి 1820ల చివరలోనే కొద్దిమంది తెలుగు కూలీలను రియూనియన్ దీవికి తీసుకువెళ్ళారు. 1834 తరువాత మారిషస్‌కు ఒప్పందకూలీల వలస పెద్దయెత్తున సాగింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరడంతో నటాల్ వలస మొదలై 1911 వరకు నడిచింది. ఈ కాలంలో 1,52,184 మంది భారతీయులు అక్కడికి చేరారు. ఫిజీకి 1879లోనే వలస ఆరంభమైనా, మద్రాసు నుంచి ఓడలు వెళ్ళడం 1903లో మొదలైంది. ఈ మూడు దేశాలకు వెళ్ళినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. బర్మా వలస వీటికి భిన్నం. కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఆవిరి ఓడల డెక్కుపై కూర్చుని ‘రంగం’ వెళ్ళినవారు ప్రధానంగా మేస్త్రీలు ఇచ్చిన బయానాతో, అప్పుతో కదిలినవారు. రంగూన్ ఓడరేవులో బరువులు మోయడం, బియ్యం మిల్లుల్లో పనిచేయడం వారి జీవనం. ఎందరో ఏటా వచ్చిపోతూ ఉండేవారు.

3. రెండు రకాల మౌనం:

ఈ భేదం అభిలేఖల స్వభావాన్ని నిర్ణయించింది. నటాల్ ఓడల జాబితాలలో ప్రతి కూలీకి ఒక సంఖ్య ఉంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు వరుసగా నమోదయ్యాయి. మారిషస్‌లో 1860ల నుంచి కూలీల ఛాయాచిత్రాలు కూడా తీశారు. ఆ పత్రసంపద మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉంది. కూలీలు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. ఇంత సమాచారం ఉన్నా, ఆ జాబితా పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి, ఒప్పందకాలం లెక్కించడానికి ఏర్పడినది. ఎడమ భుజంపై మచ్చ ఎందుకు పడిందో అది అడగదు. స్త్రీ ఒంటరిగా ఎందుకు ఓడ ఎక్కిందో అడగదు. నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలుండాలన్న నిబంధన నెరవేరిందా లేదా అన్నదే దానికి ముఖ్యం. కులం గడిలో గుమాస్తా వ్రాసిన మాట కూలీ చెప్పినదో, గుమాస్తా అర్థం చేసుకున్నదో, ఓడ ఎక్కడానికి అనువుగా మార్చుకున్నదో ఆ గడి చెప్పదు. ఇది నమోదు చేసి మౌనం వహించిన అభిలేఖ.

బర్మా విషయంలో మౌనం మరొక రకం. అక్కడ ఒప్పందపత్రం లేదు గనుక వ్యక్తిగత నమోదు లేదు. ప్రయాణికుల సంఖ్యలు, జనాభా లెక్కలు, పోలీసు నివేదికలు ఉన్నాయి. 1931 లెక్కల్లో బర్మాలోని భారతీయులు పది లక్షలకు పైబడ్డారు. ఆ సంఖ్య వెనుక ఉన్న తెలుగు కూలీ పత్రాల్లోకి ఎక్కువగా ఎక్కినది విపత్తు వచ్చినప్పుడే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె అనంతరం చెలరేగిన అల్లర్లు, 1942లో జపాను దాడి వల్ల లక్షలాది భారతీయులు అడవిమార్గాన నడిచిరావడం, 1960లలో సైనిక ప్రభుత్వం చేసిన జాతీయకరణతో జరిగిన తిరుగువలస – ఇవే ఆ సందర్భాలు. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అన్న స్థలనామం ఈ చివరి ఘట్టానికి మిగిలిన గుర్తు. ఇక్కడ ఆధారం ప్రధానంగా కుటుంబాల నోటిమాట. ఆ మాట చెప్పగలిగిన తరం వేగంగా తగ్గిపోతున్నది.

నమోదైన మౌనాన్ని చదవడానికి ఒక పద్ధతి, నమోదే లేని మౌనాన్ని ఊహించడానికి మరొక పద్ధతి అవసరమని దీనినిబట్టి స్పష్టం.

4. ఊహాకల్పన ఒక పద్ధతి అయిన తీరు:

అట్లాంటిక్ బానిసవ్యాపారంపై పరిశోధన చేసిన సైదియా హార్ట్‌మన్ 2008లో ప్రకటించిన ‘వీనస్ ఇన్ టూ ఆక్ట్స్’ అనే వ్యాసంలో ‘క్రిటికల్ ఫ్యాబ్యులేషన్’ అనే భావనను ప్రతిపాదించారు. దీనిని ‘విమర్శనాత్మక కల్పన’ అనవచ్చు. అభిలేఖలో ఉన్న అంశాలను తిరిగి అమర్చి, జరిగి ఉండగలిగినదాన్ని సూచిస్తూనే, ఖాళీని పూర్తిగా పూడ్చకుండా ఉంచడం దాని సారం. బానిసస్త్రీకి గొంతు ఇచ్చేశామని చెప్పుకోవడం దాని లక్ష్యం కాదు. అదే సంవత్సరం కెనడా కవయిత్రి ఎం. నూర్బెసీ ఫిలిప్ వెలువరించిన ‘జాంగ్!’ కావ్యం మరొక మార్గం. 1781లో జాంగ్ ఓడ నుంచి సముద్రంలోకి తోసివేయబడిన బానిసల విషయమై బీమా కోసం నడిచిన దావా నివేదికలోని పదాలనే విరిచి, చెదరగొట్టి ఆమె ఆ కావ్యాన్ని నిర్మించారు. అధికారపత్రాన్నే ముడిసరుకుగా వాడడం ఇందులోని విశేషం.

బహుమాధ్యమరంగంలో జాన్ అకోమ్‌ఫ్రా 1996లో తీసిన ‘ది లాస్ట్ ఏంజెల్ ఆఫ్ హిస్టరీ’ తొలి ముఖ్యకృతుల్లో ఒకటి. భవిష్యత్తు నుంచి వచ్చిన ‘డేటా థీఫ్’ అనే పాత్ర నల్లజాతి సంస్కృతి శిథిలాలలో ఆధారాలు ఏరుకుంటూ తిరుగుతుంది. అసలు సంగీతకారుల, రచయితల ముఖాముఖీలు ఆ కల్పిత చట్రంలో ఇమిడి ఉంటాయి. భారతీయ సందర్భానికి మరింత సన్నిహితమైనది అంజలికా సాగర్, కోజో ఎషున్‌ల ‘ఆటొలిత్ గ్రూప్’ 2003లో చేసిన ‘ఆటొలిత్ 1’. ఇందులో కథాకాలం 2103. అంతరిక్షంలో పుట్టిపెరిగి భూమి ఆకర్షణను తట్టుకోలేని ఒక పరిశోధకురాలు తన పూర్వీకుల చిత్రాలను చూస్తుంది. ఆ చిత్రాలలో అంజలికా సాగర్ అమ్మమ్మ సోవియట్ వ్యోమగామి వాలెంతీనా తెరెష్కోవాను కలిసిన సందర్భం ఉంది. అమ్మమ్మ నిజం, సమావేశం నిజం, చూస్తున్న మనుమరాలు కల్పితం. ప్రేక్షకునికి ఈ తేడా మొదటి నుంచీ తెలుసు. అందువల్లనే పాత చిత్రం కొత్త అర్థంతో కనిపిస్తుంది.

ఒప్పందకూలీల వారసుల్లో కూడా ఈ కృషి సాగుతున్నది. నటాల్ కూలీల వంశానికి చెందిన ఆస్ట్రేలియా కళాకారిణి సంచింత్య మోహినీ సింప్సన్ చిత్రలేఖనం, వీడియో, కవిత్వం, ప్రదర్శనల ద్వారా చెరకుతోటల్లోని స్త్రీల అనుభవాన్ని అన్వేషిస్తున్నారు. గయానాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న సుచిత్ర మట్టాయ్ కట్టి విడిచిన చీరలను అల్లి పెద్ద కళాకృతులు నిర్మిస్తున్నారు. పత్రం చెప్పనిదాన్ని బట్ట, ధ్వని, దేహం ద్వారా చెప్పించడం వీరి మార్గం.

5. మిశ్రవస్తువు – అలంకారశాస్త్ర దృష్టి:

ఈ పద్ధతి తెలుగు విమర్శకు పూర్తిగా కొత్తది కాదు. ధనంజయుని దశరూపకం నుంచి మన లాక్షణికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించారు. రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో ఈ మూడింటినీ రత్నాలతో పోల్చి, కవికల్పనతో అలంకృతమైన పూర్వకథకు సానపట్టిన జాతిరత్నం స్థానమిచ్చాడు. కేవలకల్పన అతని దృష్టిలో కృత్రిమరత్నం.

ఈ ఉపమానం నేటి చర్చకు ఒక కొలమానాన్ని ఇస్తుంది. సానపట్టడమంటే రాయిని మార్చడం కాదు. రాయిలో ఉన్న కాంతి బయటికి వచ్చేలా కోణాలు తీర్చడం. ప్రవాసచరిత్రను పునఃకల్పించే కృతి నమోదైన అంశాన్ని చెరపకుండా దాని చుట్టూ కల్పన చేస్తే అది మిశ్రం. అంశాన్నే మార్చివేసి చరిత్రగా చూపిస్తే అది కృత్రిమరత్నాన్ని జాతిరత్నంగా అమ్మడమే. అయితే ఒక భేదాన్ని విస్మరించరాదు. ప్రబంధ పాఠకునికి పూర్వకథ ముందే తెలుసు. కవి ఎక్కడ కల్పించాడో అతడు గుర్తించగలడు. కోరంగి కథ నేటి ప్రేక్షకునికి తెలియదు. కాబట్టి కల్పన ఎక్కడ మొదలైందో చెప్పే బాధ్యత ఇక్కడ కృతిదే.

6. తోలుబొమ్మ తెర:

ఈ బాధ్యతను నెరవేర్చిన ప్రదర్శనకళ డెల్టాలోనే ఉంది. కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. వెలుగు, పారదర్శకమైన రంగుల తోలు, తెర, గానం, వాద్యం, సంభాషణ కలిసిన ఈ కళ బహుమాధ్యమమన్న మాట పుట్టకముందే బహుమాధ్యమం. రామాయణకథ నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరపైకి వచ్చి, ప్రదర్శన జరుగుతున్న ఊరి సంగతులు, ఆనాటి ధరలు, అధికారుల తీరు మాట్లాడతారు. పురాణకాలంలోకి వర్తమానం చొరబడుతుంది. అయినా ఏ ప్రేక్షకుడూ కేతిగాణ్ణి వాల్మీకి పాత్ర అనుకోడు. ఆకారం, భాష, కదలిక, హాస్యం – అన్నీ అతడు వేరే పొరకు చెందినవాడని ప్రకటిస్తాయి.

‘ఆటొలిత్ 1’లో భవిష్యత్ పరిశోధకురాలు చేసే పనికీ, కేతిగాడు చేసే పనికీ నిర్మాణంలో పోలిక ఉంది. ఇద్దరూ తమది కాని కాలంలో నిలబడి ఆ కాలాన్ని ప్రశ్నిస్తారు. ఇద్దరూ తాము కల్పితులమని దాచరు.

7. క్రియ, ‘అట’, ‘కాబోలు’ – ఒక ప్రమాణం:

తెలుగు వాక్యం ఆధారబలాన్ని తనలోనే సూచించగలదు. ‘అతడు కోరంగిలో ఓడ ఎక్కాడు’ అన్నప్పుడు వక్త బాధ్యత వహిస్తున్నాడు. ‘ఓడ ఎక్కాడట’ అన్నప్పుడు మరొకరి మాటను అందిస్తున్నాడు. ‘ఓడ ఎక్కాడు కాబోలు’ అన్నప్పుడు ఉన్న ఆనవాళ్ళనుబట్టి ఊహిస్తున్నాడు. మూడూ నిజాయితీగల వాక్యాలే. మొదటిదాని స్థానంలో మూడవది వాడితే సంకోచం, మూడవదాని స్థానంలో మొదటిది వాడితే అసత్యం.

ప్రవాసచరిత్రపై బహుమాధ్యమకృతికి ఈ మూడు స్థాయిలు మూడు దృశ్యపద్ధతులు కావచ్చు. ఉదాహరణకు, కోరంగి నుంచి వెళ్ళిన ఒక స్త్రీని గురించి రాజమహేంద్రవరంలోనో తాళ్ళరేవులోనో ఒక ప్రదర్శన రూపొందిందని అనుకుందాం. ఓడ జాబితాలోని ఆమె వరుస ఉన్నది ఉన్నట్లు, గుమాస్తా చేతివ్రాతలోనే తెరపై కనిపిస్తుంది. అందులో ఏ దిద్దుబాటు ఉండదు. ఇది నిశ్చయక్రియ పొర. వారసులు చెప్పుకునే మాటలు దృశ్యం లేకుండా వారి కంఠధ్వనిలోనే వినిపిస్తాయి. పరస్పరం విరుద్ధమైన రెండు కథనాలుంటే రెండూ వినిపిస్తాయి. ఇది ‘అట’ పొర. ఆమె ప్రయాణం, భయం, ఆశ వంటివి తోలుబొమ్మల నీడలుగా, గీసిన చిత్రాలుగా, చేతిపని స్పష్టంగా తెలిసేలా కదులుతాయి. ఇది ‘కాబోలు’ పొర. ఈ మూడవ పొర ఎంత స్వేచ్ఛగానైనా ఉండవచ్చు. ఆమె ముని మనుమరాలు భవిష్యత్తులో సముద్రం ముంచిన డెల్టాకు తిరిగివచ్చి మడచెట్ల వేళ్ళను అడిగినట్లు కూడా చూపవచ్చు. అది మొదటి పొర వేషం వేసుకోకపోవడమే నియమం.

ఈ నియమానికి సామాజికపక్షం కూడా ఉంది. వలసవెళ్ళినవారంతా ఒకే తెలుగు కుటుంబంలా ఓడలో కలిసిమెలిసి ఉన్నట్లు చూపే కల్పన హాయిగా ఉంటుంది. కాని జాబితాలోని కులం గడి, మేస్త్రీ చేతిలోని అప్పుచీటీ, డిపోలో స్త్రీల స్థితి ఆ హాయిని నిలువనీయవు. ‘కాబోలు’ అన్నది ఆనవాళ్ళపై నిలిచే ఊహ. ఆనవాళ్ళను దాటవేసే గర్వానికి ఆ మాట వర్తించదు.

8. డిజిటల్ మాధ్యమంలోని ప్రమాదం, అవకాశం:

కృత్రిమమేధ సాధనాలు వచ్చిన తరువాత ఈ ప్రమాణం మరింత అత్యవసరమైంది. కోరంగి రేవు, అందులో నిలిచిన తెరచాప ఓడలు, ఎక్కుతున్న కూలీలు – ఇవన్నీ పసుపువన్నె తిరిగిన పాత ఛాయాచిత్రంలా నిమిషంలో తయారవుతాయి. కళాకారుడు దాని కింద ‘ఊహాచిత్రం’ అని వ్రాసినా, ఆ చిత్రం వాట్సాప్‌లో చేతులు మారేటప్పుడు వ్యాఖ్య జారిపోతుంది. ఫైలులో పొందుపరచిన మూలసమాచారం కూడా తెరను ఫొటో తీయగానే పోతుంది. కొన్నేళ్ళకు అది ఒక పుస్తకం అట్టపై, ఆపై ఒక సిద్ధాంతవ్యాసంలో ఆధారంగా కనిపించవచ్చు. అసలు చిత్రాలు అరుదైన చరిత్రకు ఇది తీరని హాని. మారిషస్‌లో భద్రపరచిన నిజమైన ముఖాలకు, యంత్రం కల్పించిన ముఖాలకు తేడా తెలియకపోతే, కూలీ రెండవసారి కనుమరుగవుతాడు. కాబట్టి కల్పన గుర్తు వ్యాఖ్యలో కాక చిత్రశైలిలోనే ఉండాలి. తోలుబొమ్మను ఎంత కత్తిరించినా అది తోలుబొమ్మగానే కనిపిస్తుంది. పాత ఛాయాచిత్రాన్ని అనుకరించిన బొమ్మకు ఆ రక్షణ లేదు.

డిజిటల్ సంస్కృతి ఇచ్చే అవకాశం కూడా చిన్నది కాదు. నటాల్ ఓడల జాబితాలు నేడు కంప్యూటర్‌లో వెదకదగిన రూపంలో ఉన్నాయి. గోదావరి జిల్లా గ్రామాల పేర్లు ఆంగ్ల గుమాస్తాల వర్ణక్రమంలో వికృతమై అందులో కనిపిస్తాయి. వాటిని గుర్తించి సరిచేయడానికి స్థానిక అధ్యాపకుల, విద్యార్థుల భాషాజ్ఞానమే సాధనం. డెల్టా గ్రామాల ఇంటిపేర్లు, పేటల పేర్లు ఎరిగిన పరిశోధకులు చేయగల పని ఇది.

మరొకటి, వలస ముగిసిపోలేదు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. వారి అనుభవం పత్రాలలో వీసా సంఖ్యగా, పాస్‌పోర్టు నకలుగా నమోదవుతున్నది. వారి మాట మాత్రం పిల్లలకు పంపే వాట్సాప్ ధ్వనిసందేశాలలో ఉంది. ఫోను మారితే ఆ సందేశాలు పోతాయి. 19వ శతాబ్ది కూలీకి మాట నిలుపుకునే సాధనం లేదు. నేటి స్త్రీకి సాధనం ఉంది, భద్రపరచే ఏర్పాటు లేదు. ఆమె అనుమతితో, ఆమె కోరినంత మేరకు, పేరు గోప్యంగా ఉంచి ఆ ధ్వనులను సేకరిస్తే, రేపటి కళాకారుడు ఆమె విషయంలో ‘కాబోలు’ అనవలసిన అవసరం తగ్గుతుంది.

9. ముగింపు:

ప్రవాసచరిత్రను ఊహాకల్పనతో పునర్నిర్మించే బహుమాధ్యమకళ అభిలేఖలకు ప్రత్యామ్నాయం కాదు, వాటి హద్దులను చూపే పద్ధతి. కోరంగి విషయంలో ఆ హద్దులు రెండు విధాలు. ఒప్పందకూలీల జాబితాలలో శరీరం ఉండి స్వరం లేదు. రంగం వలసలో సంఖ్య ఉండి పేరు లేదు. మొదటిదానికి అధికారపత్రాన్ని ఎదురు ప్రశ్నించే చదువు, రెండవదానికి మౌఖికచరిత్రపై నిలిచిన కల్పన అనుగుణం. మిశ్రవస్తుభావన, తోలుబొమ్మలాటలోని పొరల విభజన, తెలుగు వాక్యంలోని ‘అట’, ‘కాబోలు’ ఈ కృషికి దేశీయమైన కొలమానాలను అందిస్తున్నాయి.

ఉప్పాడ తీరాన సముద్రం ఏటా ఇళ్ళను కోసివేస్తున్న నేటి పరిస్థితిలో, డెల్టా ప్రజలు మళ్ళీ ఎక్కడికి కదలవలసి వస్తుందన్న ప్రశ్న కల్పితసాహిత్యానికే పరిమితం కాదు. కోరంగి రేవు ఒకసారి మేటలో కలిసిపోయింది. దాని నుంచి వెళ్ళినవారి జ్ఞాపకాన్ని భద్రపరచేటప్పుడు ఏది దొరికినదో, ఏది విన్నదో, ఏది ఊహించినదో విడివిడిగా వ్రాసి ఉంచడం తరువాతి పరిశోధకులకు చేయగల కనీస ఉపకారం.